తలుపు పక్క ప్యానెళ్ళు

వేడిని ఆపే పనిలో ఉన్న నాలుగేళ్ళూ నేను ఆఫీసుకి స్వెట్టర్ వేసుకునే వెళ్ళాను. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో మా కంపెనీకి నాలుగు అద్దె బల్లలు ఉండేవి. అక్కడి ఏసీ మా చేతిలో ఉండేది కాదు. కింద సిగ్నల్ దగ్గర డెలివరీ కుర్రాళ్ళు తల మీద తడిగుడ్డ కప్పుకుని నిలబడి ఉంటే, పైన మేము చలికి చేతులు రుద్దుకుంటూ, కరెంటు లేకుండా గదిని చల్లగా ఉంచడం ఎలాగో స్లైడ్లు తయారుచేసేవాళ్ళం.

ఆ ఉద్యోగం ఇప్పుడు చేయడం లేదు. ఈ వయసుకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని నవ్వకండి. కాలేజీ జూనియర్లు ఫోన్ చేసి, "అన్నా, ఆ స్టార్టప్‌ల ఏం నేర్చుకున్నవ్?" అని అడిగినప్పుడల్లా ఒక్క రేకుల గది సంగతే చెప్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

మేం తయారుచేసే వస్తువును ఫేజ్ చేంజ్ మెటీరియల్ అంటారు. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. గ్లాసులో ఐసు ముక్క కరుగుతున్నంతసేపూ నీళ్ళు వేడెక్కవు. వచ్చిన వేడంతా ఐసును కరిగించడానికే సరిపోతుంది. గుప్తోష్ణం అని మనం స్కూల్లో మార్కుల కోసం చదివింది ఇదే. ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరిగితే, మా దగ్గరున్న ఒక రకం ఉప్పు మిశ్రమం ఇరవై తొమ్మిది దగ్గర కరుగుతుంది. దాన్ని రెండు వేళ్ళ మందం ఉన్న ప్లాస్టిక్ ప్యానెళ్ళలో నింపి, సీలు చేసి, పైకప్పు కింద బిగించేవాళ్ళం. పగలు అది గదిలోని వేడిని తాగుతూ కరుగుతుంది. రాత్రి కిటికీల్లోంచి వచ్చే చల్లగాలికి ఆ వేడిని వదిలేసి మళ్ళీ గడ్డకడుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు, బిల్లు లేదు. షరతు ఒక్కటే, రాత్రి గడ్డకట్టాలి. రాత్రి గడ్డకట్టని ప్యానెల్ మర్నాడు ఉత్త ఉప్పునీళ్ళ డబ్బా.

ఈ మిశ్రమం సంగతంతా చూసేది కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మందుల కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, విసుగొచ్చి, కంపెనీ పెట్టిన మా మేడమ్ పిలిస్తే ఇటు వచ్చారు. ఆయన్ని అందరం ల్యాబ్ సార్ అనేవాళ్ళం. ల్యాబ్ అంటే మాదాపూర్ సందుల్లో ఒక టిఫిన్ సెంటర్ కింద ఉన్న బేస్‌మెంట్. పైన దోసె పెనం మీద నీళ్ళు చల్లితే కింద మాకు వినిపించేది. అక్కడ బీరువా అంత టెస్ట్ ఛాంబర్ ఒకటి ఉండేది. ప్యానెళ్ళను అందులో పెట్టి ఆయన వేడిచేస్తారు, చల్లారుస్తారు, మళ్ళీ వేడిచేస్తారు. అలా వందలసార్లు కరిగి గడ్డకట్టిన రకాన్నే బయటికి పంపేవారు. రిపోర్టు కింద ఆయన సంతకం ఉంటే మేడమ్ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఛాంబర్ తలుపు తీసి, కుడిచేతి ఉంగరంతో ప్యానెల్ మీద టక్ టక్‌మని తట్టి, తల పక్కకి వంచి వినేవారు. లోపల నీరుగా ఉంటే ఒక మోత, గట్టిపడితే ఇంకో మోత. కంప్యూటర్ తెర మీద గీత చూడకముందే చెవితో చెప్పేసేవారు. "ఇంకా అవలేదండీ" అని తలుపు మూసి, టీ తాగొచ్చి, మళ్ళీ తట్టేవారు. "ఆ, పట్టిందండి" అనేవారు. ఆయన అనడం, గీత అదే చూపించడం నాకు చూడముచ్చటగా ఉండేది.

ఖాజాగూడ రాళ్ళ వెనక ఒక పెద్ద టవర్ కడుతున్నారు. సైట్లో కూలి పనిచేసే తల్లుల పిల్లల కోసం ఒక రేకుల గది ఉంది. కాగితాల మీద దాని పేరు క్రెష్. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆమె ఆ పిల్లలను చూసుకునేది. పిల్లలు ఆయమ్మ అంటారు, మేమూ అలాగే పిలిచాం. ఆమె ఇదివరకు ఇటుకలు మోసేది. నడుము దెబ్బతిని ఇక మోయలేనంటే ఈ పని ఇచ్చారు. అంతకుముందు వేసవిలో గది నిప్పుల కుంపటిలా ఉందని ఏప్రిల్‌లోనే మూసేశారట. తల్లులు పిల్లల్ని కడుతున్న అంతస్తుల్లోకి తీసుకెళ్ళి, ఇనుప చువ్వలకు చీరలతో ఉయ్యాలలు కట్టుకున్నారు. రెయిలింగ్ లేని అంచుకు ఒక పిల్లవాడు పాక్కుంటూ వెళ్ళడం, ఎవరో కాలు పట్టి వెనక్కి లాగడం ఆయమ్మే చెప్పింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది, పిల్లలు వింటారేమో అన్నట్టు. గది మూసేస్తే ఆమెకూ పని ఉండదు, ఊరికి పోవలసిందే.

ఏసీ పెట్టలేరు. తాత్కాలిక షెడ్లకు అంత లైను ఇవ్వరు, పైగా క్రేన్ నడిచేటప్పుడు ఆ పక్క కరెంటు తీసేస్తారు. కూలర్‌కి నీళ్ళు కావాలి, సైట్లో నీళ్ళు ట్యాంకర్లలో కొలిచి వస్తాయి. అందుకని సైట్ మేనేజర్ మా మేడమ్ మాట విని ఒక వేసవి చూద్దామన్నాడు. ఎండలు మొదలవుతుండగా ప్యానెళ్ళు బిగించాం, కప్పు కింద వరుసగా, గోడల మీద కొన్ని.

బిగించే రోజు ఆయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఇవి ఎట్లా పనిచేస్తాయని అడిగితే, పగలు వేడిని తాగి రాత్రి కక్కేస్తాయని చెప్పాను.

"తాగుడు పగలు, కక్కుడు రాత్రి," అంది ఆమె. "మా ఇంటాయన గిట్లనే ఉండె. సల్లగైతే ఎన్నడు చేయలే."

మొదటి వారం ప్యానెళ్ళు అద్భుతంగా పనిచేశాయి. బయట రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంటే, లోపల పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయారు. సైట్ మేనేజర్ వచ్చి, చేతిలో థర్మామీటర్ చూసి, తలాడించి వెళ్ళాడు. మేడమ్ ఫోటోలు తీసి పెట్టుబడి పెట్టేవాళ్ళకు పంపారు.

రెండో వారం నుంచి గది నెమ్మదిగా చేయి జారడం మొదలైంది. రోజుకి కాస్త చొప్పున వేడెక్కింది. ప్రతి ప్యానెల్ వెనకా వేడిని రాసుకునే చిన్న లాగర్ అంటించి ఉంచాం. ద్రవం గడ్డకట్టడం మొదలవగానే దాచుకున్న వేడి బయటికి వస్తుంది కాబట్టి, గీత ఠక్కున ఇరవై తొమ్మిదికి లేచి గంటల తరబడి అక్కడే నిలబడాలి. అలాంటి మెట్టు ఒక్కో ప్యానెల్‌లోనే కనబడకుండా పోసాగింది. రాత్రి ఇరవై ఆరుకి దిగినా లోపల నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మూడో వారానికి కప్పు కింద ఉన్నవి, మిగతా గోడల మీదివి ఒక్కటీ గడ్డకట్టలేదు. తలుపుకి ఇటొకటి అటొకటి గోడ మీద ఉన్న రెండు మాత్రం మేం వెళ్ళి చూసిన ప్రతి పొద్దునా తెల్లగా, రాయిలా ఉండేవి.

మేనేజర్ మేడమ్‌కి ఫోన్ చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి చూస్తానని, ముప్ఫై నాలుగు దాటి ఉంటే సోమవారం నుంచి గది మూసేస్తానని చెప్పాడు. అతను చెడ్డవాడేం కాదు. పిల్లలకు ఏమైనా అయితే సంతకం అతనిది.

నాకు ఏదైనా అర్థం కాకపోతే జాబితా రాస్తాను. ఫోన్‌లో అనుమానితుల జాబితా రాశాను. రాత్రులు చాలినంత చల్లబడటం లేదు. లాగర్లు తప్పు చూపిస్తున్నాయి. సీలు ఊడి మిశ్రమం చెడింది. రాత్రి కిటికీలు మూసేస్తున్నారు. మొదటి మూడూ తేలిగ్గానే పోయాయి. రాత్రులు చల్లగానే ఉన్నాయి, లాగర్లు సరిగ్గానే ఉన్నాయి, సీళ్ళు గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది కిటికీలు. రాత్రి కుక్కలు రాకుండా తలుపు వేసి, జాలీ ఉన్న కిటికీలు మాత్రం తెరిచి ఉంచడం ఆయమ్మ పని. దోమలకో, గాలివానకో మూస్తోందేమోనని అడిగాను.

ఆమె ఒళ్ళో పిల్లను దించి నావైపు చూసింది. "నీ ఫోన్ల నా పేరు రాసినవా?"

పేరు రాయలేదమ్మా, కిటికీలని రాశానన్నాను.

"ఒకటే గదా. కొట్టెయ్ ముందుగాల. నా ముంగట కొట్టెయ్."

ఆమె ముందే కొట్టేశాను. జాబితాలో ఇక ఏమీ మిగల్లేదు.

అప్పుడు చేసిన ఒక పని గురించి మాత్రం కొత్తగా పనిలో చేరేవాళ్ళకి గట్టిగా చెప్తాను. నాలుగు పనిచేయక రెండు పనిచేస్తుంటే అందరం పనిచేయనివాటినే పట్టుకుని వేలాడతాం. ఆ రెండూ ఎందుకు పనిచేస్తున్నాయో అడగం. తలుపు పక్క రెండింటినీ విప్పి కప్పు కిందకి ఎక్కించాను, కప్పు కింద ఉన్న రెండింటిని తలుపు పక్కకి దించాను. మర్నాడు పొద్దున చూస్తే, నిన్నటిదాకా మొండికేసినవి తలుపు పక్కన రాళ్ళయ్యాయి. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్నవి కప్పు కింద నీళ్ళయ్యాయి. అంటే మంచిచెడ్డలు ప్యానెల్‌లో లేవు, చోటులో ఉన్నాయి.

తలుపు పక్కన గాలి ఎక్కువ చల్లగా ఉంటుందేమో అనుకున్నాను. కొలిస్తే కాస్త వెచ్చగానే ఉంది, ఇనుప తలుపు పగటి వేడిని పట్టుకుని ఉంటుంది కదా. ఈ ఫలితం నాకు నచ్చలేదు. చల్లగా ఉన్న చోట గడ్డకట్టక, వెచ్చగా ఉన్న చోట గడ్డకట్టే పదార్థం గురించి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బోరబండలో మా ఇల్లు. హైటెక్ సిటీ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ఒకటే స్టేషను, కూర్చునేలోపే దిగాలి. ఆ రోజు దిగకుండా ముందుకి పోయాను, ఫోన్‌లో తలుపు పక్క ప్యానెళ్ళ గీతలు చూస్తూ. రెండు విషయాలు కనబడ్డాయి. గీత లేచే వేళ ఏ రెండు రాత్రులూ ఒకటి కాదు. చల్లబడటాన్ని బట్టి లేస్తే ఇంచుమించు ఒకే వేళకి లేవాలి. ఇది ఒక రాత్రి ముందు, ఒక రాత్రి వెనక, మనిషి నిద్రవేళలాగా ఉంది. రెండోది, శనివారం రాత్రుల్లో గీత అసలు లేవలేదు.

తర్వాతి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆయమ్మకి ఫోన్ చేశాను. శనివారం సాయంత్రమే తాళం వేసి కూతురి ఇంటికి పోతానని చెప్పింది. మామూలు రోజుల్లో రాత్రి తలుపు ఎప్పుడు వేస్తావని అడిగితే, అన్నం తిని, గిన్నెలు తోమి, పక్క గుడిసె వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, పడుకునే ముందు వచ్చి వేస్తానంది. ఆ మాటలు ఎప్పుడు అయిపోతాయో ఎవరికి తెలుసు అని నవ్వింది కూడా.

ఆ తలుపు సంగతి నాకు తెలుసు. చట్రం వంకర పోయింది. మామూలుగా తోస్తే పడదు. హ్యాండిల్ పట్టి పైకి ఎత్తి, అడుగున కాలితో ఒక్క తన్ను తన్నాలి. ఆ ధన్‌మనే చప్పుడుకి గోడలు అదురుతాయి, పిల్లలు ఉలిక్కిపడతారు. రాత్రి ఆమె తలుపు తన్నగానే గీత లేస్తోంది, రాత్రి తన్నని శనివారం లేవడం లేదు. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున ఇది ల్యాబ్ సార్‌కి చెబుదామని బేస్‌మెంట్ మెట్లు దిగుతున్నాను. సగం మెట్ల మీద ఉండగా లోపలి నుంచి వినబడింది. టక్ టక్. కాసేపు ఆగి, "ఇంకా అవలేదండీ." మళ్ళీ టక్ టక్.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. పైన టిఫిన్ సెంటర్‌కి పోయేవాళ్ళు, నాకు ఒంట్లో బాగా లేదనుకుని నీళ్ళు కావాలా అని అడిగారు.

కొన్ని ద్రవాలకి ఒక గుణం ఉంటుంది. గడ్డకట్టే వేడికంటే కిందికి దిగిపోయినా, ఎవరూ కదిలించకపోతే ద్రవంగానే ఉండిపోతాయి. మొదటి స్ఫటికం ఎక్కడో ఒకచోట పుట్టాలి. అది పుడితే మిగతాదంతా దాన్ని చూసి పేరుకుంటుంది. ఇది మాకు తెలియక కాదు. అందుకోసమే మిశ్రమంలో మరో ఉప్పు పొడి కొంచెం కలిపేవాళ్ళం, విత్తనం పొడి అనుకునేవాళ్ళం దాన్ని. కానీ ఆ పొడి బరువు. పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ ఉంటే అది కొద్దికొద్దిగా అడుగుకి దిగి పేరుకుపోతుంది. లారీలో కుదుపులు తిని, డ్రిల్లు మోతలు విని వచ్చిన మొదటి వారం అంతా కలిసే ఉంది. తర్వాత కప్పు కింద నిశ్శబ్దంలో పొడి పడుకుంది, పైన ద్రవం కూడా దానితోపాటు పడుకుంది.

మరి ల్యాబ్‌లో వందలసార్లు ఎందుకు గడ్డకట్టింది? అదే అడగాలని లోపలికి వెళ్ళాను.

సగం చెప్పేసరికే ఆయన తన కుడిచెయ్యి వైపు చూసుకున్నారు. రెండు పాత ప్యానెళ్ళు తెచ్చి, పూర్తిగా కరిగించి, ఛాంబర్‌ని చల్లార్చడానికి పెట్టారు. గాజు కిటికీ ముందు ఇద్దరం స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. ఇరవై తొమ్మిది దాటింది, ఇరవై ఏడు దాటింది. ఆయన చెయ్యి రెండుసార్లు తలుపు పిడి మీదకి వెళ్ళింది. మూడోసారి నేనే అన్నాను, చేతులు జేబులో పెట్టుకోండి సార్ అని. పెట్టుకున్నారు. ఇరవై నాలుగు చూపిస్తున్నా లోపల స్వచ్ఛమైన నీళ్ళలా ఉంది.

"ఇప్పుడు తట్టనాండీ?" అని నన్ను అడిగారు. నా వయసుకి రెట్టింపు వయసు ఆయనది.

తట్టమన్నాను. తలుపు తీసి ఒక్కదాని మీద ఉంగరంతో తట్టారు. తట్టిన చోట తెల్లటి చుక్క కనబడింది. అద్దం మీద ఊపిరి పట్టినట్టు అది నలువైపులా పాకింది, చూస్తుండగానే ప్యానెల్ అంతా పాలలా అయింది. అరచెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. పక్క ప్యానెల్ అలాగే నీళ్ళతో ఊరుకుంది. నాకు ఆ క్షణంలో గది మూతపడే సంగతి కూడా గుర్తు లేదు, మళ్ళీ ఇంకోసారి చూడాలనిపించింది. ఆయన ముఖం మాత్రం వేరేగా ఉంది.

"ఇన్నేళ్ళలో నేను తట్టకుండా ఎప్పుడూ చూడలేదండీ," అన్నారు. "తట్టినప్పుడల్లా పాసైంది. తట్టకపోతే ఏమయ్యేదో నాకు తెలీదు. తెలుసనుకుని సంతకాలు పెట్టాను."

మేము కొలిచేవన్నీ కొలిచేవాళ్ళం. వేడి, తేమ, కాలం, బరువు. కొలిచే మనిషి చెయ్యి మాత్రం ఏ గడిలోనూ లేదు.

మేడమ్‌కి ఫోన్ చేశాం. ఆవిడది అనంతపురం. కోపం వస్తే మాటలు తగ్గుతాయి. శుక్రవారానికి ఏం చేయగలమని మాత్రం అడిగారు. మిశ్రమాన్ని చిక్కగా మార్చి పొడి దిగకుండా చేయడానికి నెలలు పడుతుంది, ఈలోపు రాత్రి గది చల్లబడ్డాక ఎవరైనా ప్రతి ప్యానెల్‌నూ తట్టాలి, అంతకంటే దారి లేదని ల్యాబ్ సార్ చెప్పారు. ఈ సంగతి మేనేజర్‌కి చెప్పాలా వద్దా అన్నది నా అనుమానం. శుక్రవారం గడిస్తే చాలు కదా అని నోరు జారాను.

"దాస్తే రేపు ఎవురన్నా ఆ తలుపు బాగుచేస్తారప్పా," అన్నారు మేడమ్. "అప్పుడు ఆ పిల్లోల్ల గతేంది? చెప్పల్ల."

ఆ సాయంత్రమే ముగ్గురం ఖాజాగూడ వెళ్ళాం. ఆయమ్మకి విషయం చెప్పి, చేస్తావా అని అడిగాను. కాసేపు కప్పువైపు చూసి, ఎంత గట్టిగా కొట్టాలని అడిగింది. ల్యాబ్ సార్ స్టూలెక్కి ఉంగరంతో చూపించారు.

"గంతేనా," అంది. "పిల్లగాన్ని నిద్ర లేపినట్టు."

"అంతేనండీ. సరిగ్గా అంతే."

ఆమెకి చెయ్యి అందదు. గుడిసె నుంచి చపాతీ కర్ర తెచ్చుకుంది. నేను రిపోర్టులో దాన్ని యాంత్రిక ప్రేరణ అని రాశాను. మేడమ్ ఆ మాట కొట్టేసి చపాతీ కర్ర అనే రాయించారు.

గురువారం పొద్దున ఆయమ్మ ఫోన్ చేసి, మూలనున్న రెండు మూడు తప్ప అన్నీ తెల్లగా అయ్యాయని చెప్పింది. ఆ మిగిలినవాటి దాకా చెయ్యి సాగలేదట, నడుము పట్టేసిందట. గురువారం రాత్రి పక్క గుడిసె ఆమె సాయం వస్తానంది. శుక్రవారం మధ్యాహ్నానికి మేం వెళ్ళేసరికి క్రేన్ తిరుగుతోంది, అంటే కరెంటు లేదు. నేల మీద చాపల మీద పిల్లలు ఇటొకరు అటొకరు పడుకుని ఉన్నారు. నిద్రపోని ఒక పిల్ల గోడ మీది ప్యానెల్‌ని చెంచాతో తడుతోంది. పగలు తట్టినా నష్టం లేదు, కరగవలసింది కరుగుతూనే ఉంటుంది. ఆయమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె ట్రంకుపెట్టె తలుపు పక్కనే సర్దిపెట్టి ఉంది. అది అక్కడ ఎందుకుందో అడగలేదు, తెలుస్తూనే ఉంది.

మేనేజర్ వచ్చి, తలుపు లాగితే రాక, రెండు చేతులతో గట్టిగా గుంజి లోపలికి వచ్చాడు. థర్మామీటర్ గది మధ్యలో పిల్లల ఎత్తులో పట్టుకుని, అంకెలు కుదురుకునేదాకా ఆగాడు. ముప్ఫై రెండు. మూలల్లో పెట్టి చూశాడు, కాస్త అటూ ఇటూగా అంతే. పక్కనున్న సిమెంటు స్టోరు రేకుల షెడ్డులోకి వెళ్ళి చూసి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"నడవనీయండి," అన్నాడు.

ఆయమ్మ ట్రంకుపెట్టెను కాలితో గోడవైపు జరిపింది.

మేమంతా బయటికి వచ్చాక తలుపు వేయడానికి మేనేజర్‌కి కాలితో తన్నక తప్పలేదు. ధన్‌మంది. ఇద్దరు పిల్లలు లేచి ఏడుపందుకున్నారు. అతను నొచ్చుకుని, ముందు ఈ తలుపు సంగతి చూస్తానని, వెల్డర్‌ని రేపే పంపి సరిచేయిస్తానని అన్నాడు.

"వద్దు సార్," అన్నాం ముగ్గురం ఒక్కసారే.

అప్పుడు మేడమ్ అతన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పారు. చపాతీ కర్ర కూడా చూపించారు. అతను చాలాసేపు కర్రనూ తలుపునూ మార్చి మార్చి చూశాడు.

"జర ఆగండి. నేను పరేషాన్ అవుతున్న," అన్నాడు. "తలుపు ఖరాబుంటే సల్లగుంటది, బాగుచేస్తే వేడైతదా? నేను మా పైవాళ్ళకి ఏమని రాయాలె?"

ఏమని రాశాడో తెలియదు. ఆ వేసవంతా గది తెరిచే ఉంది. ఆయమ్మ కూతురి ఇంటికి పోయే శనివారాల్లో పక్క గుడిసె ఆమె కర్ర తీసుకునేది. ఆదివారం పని లేకపోయినా, ఒక్క రాత్రి వదిలితే మళ్ళీ మొండికేస్తాయేమోనని వాళ్ళ భయం. అలా కాదని చెప్పినా వినలేదు.

వానలు పడ్డాక ల్యాబ్ సార్ కొత్త మిశ్రమం మీద కూర్చున్నారు. ఆయన ఉంగరం తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి నాకిచ్చారు. ఛాంబర్ తలుపు మీద ‘తట్టరాదు’ అని ఆయన చేతిరాతతో కాగితం అంటించారు. అది మా కోసం కాదు. చిక్కటి జిగురులాంటి మిశ్రమంలో పొడి దిగకుండా నిలిచింది. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ కదిలించకుండా, ల్యాబ్‌లో ప్రతిసారీ గడ్డకట్టింది. మరుసటి వేసవికి క్రెష్ గదిలో పాతవి తీసి కొత్తవి బిగించాం. రోజూ పొద్దుటికి అన్నీ తెల్లగా ఉన్నాయి, లాగర్ గీతలన్నీ ఠక్కున లేచి నిలబడ్డాయి. కంపెనీ కాగితాల్లో ‘సైట్లో విజయవంతం’ అని ఎక్కింది. ఆ మాట రాసింది నేనే. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఉద్యోగం మారాను.

ఈ మధ్య అటువైపు పని పడి, ఖాజాగూడలో దిగి ఆయమ్మని చూడటానికి వెళ్ళాను. టవర్ పూర్తయింది, పక్కనే ఇంకోటి లేస్తోంది. రేకుల గదిని ప్యానెళ్ళతో సహా అక్కడికి మార్చారు. తలుపు కొత్తది, వేలితో తోస్తే మూసుకుంటుంది. నన్ను చూసి కుర్చీ తుడిచి వేసింది. మాట్లాడుతూ ఉండగా తల ఎత్తి చూస్తే, గోడకి మేకు, మేకుకి దారంతో వేలాడుతూ చపాతీ కర్ర.

చపాతీలు ఇక్కడే చేస్తున్నావా అమ్మా అని అడిగాను.

"చపాతీలెక్కడివి. రాత్రి కొడుతందుకు."

కొత్తవాటికి అవసరం లేదని అప్పుడే చెప్పాను కదా అన్నాను. చెప్పావు, అలవాటైంది, కొడితే ఏం పోతుందంది. ఎప్పటి నుంచి కొడుతున్నావంటే, మానితే కదా అంది. కొత్త ప్యానెళ్ళు బిగించిన మొదటి రాత్రి నుంచీ ఒక్క రాత్రి కూడా వదల్లేదు.

‘సైట్లో విజయవంతం’ అని రాసిన కాగితాలన్నీ కళ్ళ ముందు కదిలాయి. కొత్త మిశ్రమం గొప్పదై గడ్డకడుతోందా, ఆమె కర్రకి గడ్డకడుతోందా? ల్యాబ్‌లో ఏమవుతుందో తెలుసు. ఈ రేకుల కింద, ఇన్ని నెలల తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మళ్ళీ మొదటికే వచ్చాం.

ఇప్పుడు ఆ కంపెనీలో లేకపోయినా అడగకుండా ఉండలేకపోయాను. ఒక్క రాత్రి కొట్టకుండా చూడమన్నాను.

"కొట్టకుంటే ఏమైతదో నీకు తెల్సా?"

"తెల్వదమ్మా. అందుకే అడుగుతున్న."

"తెల్వంది నా పిల్లల మీద చూస్తవా? మీ ఇంట్ల కట్టుకొని చూసుకో పో."

ల్యాబ్ సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్తే, అవతల చాలాసేపు నవ్వు వినబడింది. వారం తిరిగేలోపు ఆయన పంపిన కొత్త రకం ప్యానెళ్ళు రెండు ఆటోలో మా ఇంటికి వచ్చాయి. బోరబండలో మా పైగదికి కూడా రేకులే. ఒక ప్యానెల్ లోపలి గోడకి బిగించాను, రెండోది తలుపు పక్కన. ఇంట్లో అందరికీ చెప్పాను, తలుపు మెల్లగా వేయమని. నేను కూడా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వేస్తున్నాను. ఎండలు ఇంకా ముదరలేదు, ప్యానెళ్ళు ఇంకా ఒక్కసారీ కరగలేదు.